గోడవైపు

3, మంగళవారం

జ్వరం వంద. నీళ్లు ఆరు గ్లాసులు. గోడవైపు తిరిగి పడుకుంది.

పెద్ద డాక్టరు గారు రాయమన్నారు. రోజూ జ్వరం ఎంత, నీళ్లు ఎన్ని, ఎలా పడుకుంది. "మీకు నోటితో చెప్పడం ఇబ్బందిలా ఉంది పెద్దాయనా, రాసుకుని రండి" అన్నారు. పది నిమిషాల్లో నన్ను కనిపెట్టేశారు.

కొలతల పుస్తకం తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందు పేజీల్లో జనం పరుపులు, దిండ్లు. వెనక పేజీల్లో మా ఆవిడ. డాక్టరు గారికి జ్వరమూ నీళ్లూ వేరే కాగితం మీద ఎత్తి రాసిస్తాను. ఇది నాకే.

ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించారు. ఎడమ కిడ్నీ నిండా ఒకటే రాయి, అల్లం కొమ్ములాగ. కుడిది ఎప్పుడో ముడుచుకుపోయిందట, పని చెయ్యదట. ఉన్నది ఈ ఒక్కటే. దీనిలో చీము పట్టకముందే రాయి తియ్యాలి. రెండు వారాలు, అంతకు మించి ఆగకూడదు అన్నారు.

నేను ఫిల్మునే చూస్తూ ఉండిపోయాను. నా ఇంట్లో తిరిగే మనిషి లోపల ఇంత వింత ఆకారం ఉందని నాకు తెలియదు.

4, బుధవారం

జ్వరం వంద. నీళ్లు ఎనిమిది. గోడవైపు.

6, శుక్రవారం

జ్వరం తొంభై తొమ్మిది. నీళ్లు ఏడు.

ఇవాళ మళ్లీ ఆస్పత్రి. మరదలు కూడా వచ్చింది. పక్క వీధిలో ఇస్త్రీ బండి, ఇవాళ మూసుకుని వచ్చింది. దారి పొడుగునా మరదలే మాట్లాడింది. మా ఇద్దరి వాటా కూడా.

ఈ ఆపరేషన్‌కు మనిషిని బోర్లా పడుకోబెడతారట. మత్తిచ్చి, బోర్లా తిప్పి, వీపు పక్కన వేలు పట్టేంత కంత పెడతారట. అందులోంచి గొట్టం దించి, రాయిని లోపలే పొడి చేసి, ముక్కలు తీస్తారట. వేలు పట్టేంత. నేను పరుపులో దూది దట్టించడానికి వదిలే కంత అంతకన్నా పెద్దది.

కానీ మా ఆవిడ బోర్లా పడుకోలేదు. వీపు ఒంగిపోయింది. నలభై నాలుగేళ్లు నేల మీద కూర్చుని నాతో సమానంగా దబ్బనం పట్టింది కదా. ఇంతకుముందు ఒక ఆస్పత్రిలో బోర్లా పడుకోబెట్టి చూశారు. నిమిషంలో ఊపిరి ఆడక మొహం నల్లబడింది. దించేశారు. ఇంకో ఆస్పత్రిలో చూడను కూడా చూడలేదు.

ఈ డాక్టరు గారు కుర్చీలోంచి లేచి మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగారు. మంచానికి పరుపు కుట్టే ముందు నేను మంచం చుట్టూ అలాగే తిరుగుతాను.

"వెల్లకిలా పడుకోగలవా అమ్మా?"

"వీపు ఆననివ్వదు బాబూ."

"పక్కకి?"

"కుడి పక్కకైతే ఎంతసేపైనా."

"కుడి పక్కకి పడుకుంటే ఎడమది పైకొస్తుంది. రాయి మా చేతికిందకే వస్తుంది. ఇంకేం కావాలి?" అని ఆయన నవ్వారు.

మరదలు నా డొక్కలో పొడిచింది. "బావా, దండం పెట్టవయ్యా. దండానికి కూడా మాటలు కావాలా?"

పెట్టాను.

7, శనివారం

జ్వరం లేదు. నీళ్లు తొమ్మిది. గోడవైపు.

గోడవైపు ఎందుకో నాకు తెలుసు.

ఆరేళ్ల క్రితం ఒక హెడ్మాస్టరు వచ్చాడు, హాస్టలుకు పరుపులు కావాలని. గోడకు వేలాడే దూదేకే విల్లు చూసి "బాగా పాతదే" అన్నాడు. ఏమనాలో తోచలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని "ఇంట్లో రెండున్నాయండీ. ఒకటి గోడకి, ఒకటి పొయ్యి దగ్గర" అన్నాను. ఆయన పొయ్యి వైపు చూశాడు. తను ఒంగి గిన్నె దించుతోంది. హెడ్మాస్టరు పడీ పడీ నవ్వాడు.

నా జన్మలో నలుగురిలో నేను వేసిన జోకు అదొక్కటే.

ఆ రోజు తను గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచీ అంతే. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అనకపోవడంలో ఇద్దరం ఇద్దరమే.

9, సోమవారం

జ్వరం లేదు. నీళ్లు తొమ్మిది.

ఇవాళ జరిగింది రాయడానికి పుస్తకంలో కాగితాలు చాలవు.

ఆపరేషన్ థియేటర్ పక్కన సామాన్ల గది ఉంది. తనను ఎలా పడుకోబెట్టాలో చూడాలని డాక్టరు గారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. లోపల అరల నిండా బాలీసులు. పొడుగువి, పొట్టివి, చుట్టలా ఉన్నవి, అన్నిటికీ ఆకుపచ్చ రెగ్జిన్. కొసన డబుల్ కుట్టు. మూల మడత లోపలికి తిప్పిన కుట్టు.

ఆ కుట్టు నాది.

పదకొండేళ్లుగా ఒక ఏజెంటు చీటీ మీద కొలతలు రాసి పంపేవాడు. రెండడుగుల పొడుగు, ఎనిమిది అంగుళాల చుట్టు, గట్టిగా. నేను కుట్టి పంపేవాణ్ని. ఎవరికో అడగలేదు. ఏ పెద్ద బంగళాలోనో సోఫాల మీద పెట్టుకుంటారనుకునేవాణ్ని. ఇన్నేళ్లూ నా దిండ్ల మీద మత్తులో ఉన్న మనుషులు పడుకున్నారు. కాలు విరిగినవాళ్లు, కడుపు కోసినవాళ్లు. నాకు తెలియదు.

అక్కడ ఒక లావుపాటి మనిషి ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. మత్తులో ఉన్న మనుషుల్ని టేబుల్ మీద సర్దడం అతని పని. అందరూ సర్దుబాటు అని పిలుస్తారు. డాక్టరు గారు కూడా.

డాక్టరు గారు అతనితో, "మనవన్నీ తిన్నగా ఉన్నాయి. ఈమెకి వంపు ఉన్నది కావాలి. నడుం కింద ఒకటి, వీపు వెనక గుంట ఉన్నది ఒకటి. ఇవి ఎవరు కుడతారో కనుక్కో" అన్నారు.

"ఏజెంటుని అడగాలి సార్. కుట్టేవాడెవడో గానీ మహా మొండివాడు. పదకొండేళ్లలో ఒక్కటి కూడా కుట్టు ఊడలేదు."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్లీ తెరిచాను.

"ఈయనే" అంది మా ఆవిడ.

సర్దుబాటు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరా? మీ దిండు లేకపోతే నాకు పని జరగదండీ." నేను తల దించుకున్నాను.

కుట్టి తెమ్మన్నారు. తనకు సరిగ్గా, తన ఒంటికి కొలత తీసి.

10, మంగళవారం

జ్వరం లేదు. నీళ్లు పది.

తన ఒంటికి కొలత తీసి. డాక్టరు గారికి ఎంత తేలిక ఆ మాట.

మంచాన్ని కొలుస్తాను, చాపను కొలుస్తాను. మనిషిని ఎప్పుడూ కొలవలేదు. పొద్దున టేపు మెళ్లో వేసుకుని తన చుట్టూ మూడుసార్లు తిరిగాను.

"ఏమైంది మీకు? దర్జీలా తిరుగుతున్నారు."

"కొలత."

"అయితే తియ్యండి. నేనేమన్నా కొత్త పెళ్లికూతుర్నా?"

పీట మీద కూర్చోబెట్టి తీశాను. చంక దిగువ నుంచి తుంటి దాకా ఒక జాన, మూడు వేళ్లు. పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య రెండు వేళ్ల సందు మాత్రమే ఉంది. ఆ సందులోంచే గొట్టం దించాలి. వీపు మీద ఎముకలు పూసలు గుచ్చినట్టు లెక్కకు వస్తున్నాయి. పదకొండో పూస దగ్గర ఎత్తు. అక్కడ వేలు పెడితే ఉలిక్కిపడింది.

"నొప్పా?"

"చక్కిలిగిలి."

నలభై నాలుగేళ్లకు తెలిసింది.

12, గురువారం

జ్వరం లేదు. నీళ్లు తొమ్మిది. గోడవైపు.

రెండు దిండ్లూ అయిపోయాయి. బూరుగు దూది తెచ్చాను, ఈ ఏడాదిది. గింజ, పుల్ల ఏరడానికి ఒక రోజు పట్టింది. విల్లుతో నాలుగుసార్లు ఏకాను. పొగమంచులా వచ్చింది. చెయ్యి పెడితే చెయ్యి ఎక్కడుందో తెలియదు. ఇంత మెత్తటి దిండు ఎవరికీ కుట్టలేదు.

మరదలు వచ్చి నొక్కి చూసింది. "బావా, మాకెప్పుడన్నా ఇలాంటిది కుట్టావా? అక్కకి రాయి పుడితే గానీ నీ చెయ్యి మెత్తబడలేదు."

13, శుక్రవారం

జ్వరం లేదు. నీళ్లు తొమ్మిది.

పనికిరావు అన్నారు.

సర్దుబాటు రెండు దిండ్లనూ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. మోచెయ్యి ఆన్చాడు, మొత్తం బరువుతో. దిగిపోయింది. మోచెయ్యి కింద బల్లకు తగిలింది.

"చాలా మెత్తగా ఉంది కదూ?" అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ప్రేమతో కుట్టారు. ప్రేమ మాకు పనికిరాదండీ" అన్నాడు. కష్టపెట్టుకోకండి అన్నట్టు భుజం తట్టాడు. "ఎప్పుడూ కుట్టేలాగా, ఎవరికో కుడుతున్నట్టు కుట్టండి."

అర్థం కాలేదని నా మొహం చెప్పి ఉంటుంది. "ఎక్కండి" అని టేబుల్ చూపించాడు. థియేటర్ ఖాళీగా ఉంది, ఇవాళ ఆపరేషన్లు అయిపోయాయి. సిగ్గేసింది. చెప్పులు విప్పి ఎక్కాను. ఇంకో ముగ్గురిని పిలిచాడు. దుప్పటి కప్పారు.

"పెద్దాయనా, మీరిప్పుడు నిద్రపోయారు. ఏమీ తెలియదు. ఒళ్లు వదిలెయ్యండి."

వదిలెయ్యడం రాలేదు. ఎంత ప్రయత్నించినా మెడ బిగుసుకుంటోంది.

"చూశారా, మెలకువగా ఉన్న మనిషి తన బరువు తనే మోసుకుంటాడు. మత్తులో ఉన్నవాడు మొత్తం మాకు ఇచ్చేస్తాడు. తల, చెయ్యి, కాలు, అన్నీ. చెయ్యి మెలిపడినా అమ్మా అనడు. చెవి మడతపడినా చెప్పడు. రెండు గంటలు చెవి మడతపడితే ఏమవుతుంది? అందుకని వాళ్లకి బదులు మేం అనుకోవాలి. ఇక్కడ నొప్పి, అక్కడ నొప్పి అని మేమే చెప్పుకోవాలి."

ఒకటి, రెండు, మూడు అని నలుగురూ కలిసి నన్ను పక్కకు తిప్పారు. ఒకరి చెయ్యి తల కింద, ఒకరిది భుజం, ఒకరిది తుంటి, ఒకరిది కాళ్లు. ఒక్క మనిషి తిప్పినట్టు తిరిగాను. నలుగురు కలిసి నన్ను ఎత్తడం ఇదే మొదటిసారి. ఇంకోసారి ఎత్తినప్పుడు నాకు తెలియదు కదా. ఇప్పుడు తెలిసినందుకు సంతోషం.

చంకకు కొంచెం దిగువన చిన్న చుట్ట పెట్టాడు, కింద చేతిలో నరం నలగకుండా. మోకాళ్ల మధ్య దిండు. తర్వాత నేను తెచ్చిన మెత్తటి దిండు నడుం కింద పెట్టాడు. హాయిగా ఉంది. ఒక్క నిమిషం. ఆ తర్వాత నడుం దిగుతోంది, పక్కటెముక వచ్చి తుంటిని ఆనుకుంటోంది. సందు మూసుకుపోతోంది. నా ఒంట్లోనే తెలిసింది.

అది తీసి, పాత గట్టి బాలీసు పెట్టాడు. నాదే, నాలుగేళ్ల క్రితందై ఉంటుంది. పక్క విచ్చుకుంది. సర్దుబాటు పైనుంచి నా పక్కలో నాలుగు వేళ్లు పెట్టి చూపించాడు. "ఇదీ, ఇంత దారి కావాలి డాక్టరు గారికి. మెత్తదనం ఈ దారి మూసేస్తుంది. రెండు గంటల్లో బొటనవేలంత దిగినా, గొట్టం ఒకచోట, రాయి ఒకచోట."

తర్వాత నా కింద ప్రతిచోటా అరచెయ్యి దూర్చి చూశాడు. చెవి, భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు. తొందర లేదు. నేను నిద్రపోవడం లేదని తెలిసి కూడా, నాకు ఆపరేషన్ లేదని తెలిసి కూడా.

"ఇలా రోజుకి ఎందరికి?" అని అడిగాను. నేనే అడిగాను.

"నలుగురైదుగురు."

"వాళ్లకి తెలుస్తుందా?"

"ఎలా తెలుస్తుందండీ? లేచేసరికి వార్డులో ఉంటారు. వెల్లకిలా పడుకుని, పక్కనే డాక్టరు. నన్ను చూసినవాళ్లు లేరు."

 

14, శనివారం

జ్వరం లేదు. నీళ్లు పది.

సర్దుబాటు ఇంకొకటి కూడా చెప్పాడు. పీట మీద తీసిన కొలత పనికిరాదట. కూర్చున్న మనిషి వేరు, నిద్రపోయిన మనిషి వేరు. నిద్రలో తియ్యమన్నాడు.

భోజనాలయ్యాక తను పడుకుంది. గోడవైపు. నిద్ర పట్టేదాకా పీట మీద కూర్చున్నాను. తర్వాత టేపు తీశాను. నిజమే, వేరు. నడుం కింద గుంట బెత్తెడు ఉంది, పీట మీద మూడు వేళ్లే వచ్చింది. వీపు ఎత్తు కూడా నిద్రలో కొంచెం వదులైంది.

ఎడమ చెయ్యి వెనక్కి మడిచి ఎడమ డొక్కను పట్టుకుని ఉంది. గట్టిగా. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. నిద్రలో కూడా.

ఎప్పటినుంచి ఇలా పడుకుంటోంది? నేను నిద్రపోయిన తనను ఎప్పుడూ చూడలేదు. గోడవైపు తిరిగిన వీపును చూసి ఇటు తిరిగేవాణ్ని.

దుప్పటి మడతపెట్టి మెల్లగా నడుం కింద దూర్చాను, సరిగ్గా ఆ గుంటలోకి. కొంతసేపటికి చెయ్యి వదిలేసింది. జారి పరుపు మీద పడింది, అరచెయ్యి తెరుచుకుని.



16, సోమవారం

జ్వరం లేదు. నీళ్లు పది.

కుట్టాను. మిల్లు దూది, మధ్యలో కొబ్బరి పీచు. మోకాలితో అదిమి, కర్రతో దట్టించి, మళ్లీ అదిమి. ఎవరికో కుడుతున్నట్టు కుట్టమన్నాడు. కుదరలేదు. తనకే కుట్టాను, కానీ గట్టిగా కుట్టాను. మరదలు నొక్కి చూసి "ఇది దిండా, రోలా?" అంది. నా మోచెయ్యి ఆన్చి నూరు లెక్కపెట్టాను. దిగలేదు.

17, మంగళవారం. ఆస్పత్రిలో

జ్వరం లేదు. నీళ్లు ఎనిమిది.

రేపే. తనను చేర్చుకున్నారు. దిండ్లు సర్దుబాటుకు ఇచ్చాను. మోచెయ్యి ఆన్చాడు. ఏమీ అనలేదు. తల ఊపాడు. అది చాలు.

మత్తు డాక్టరమ్మ వచ్చి తనను చాలా అడిగారు. పళ్లు కదులుతున్నాయా, మెడ తిరుగుతుందా, ఇంట్లో ఎటు పడుకుంటావు.

"కుడి పక్కకే అమ్మా."

"ఎన్నాళ్లనుంచి?"

"ఆరేళ్లు అయిందేమో. ఎడమ పక్కకి తిరిగితే లోపల గుచ్చుతుంది. మా మంచం గోడని ఆనుకుని ఉంటుంది. గోడని చూస్తూ పడుకోవడమే. ఆ గోడ మీద బీటలన్నీ నాకు కంఠతా వచ్చు."

డాక్టరమ్మ నవ్వారు. మరదలు నవ్వింది.

నేను మంచినీళ్లు తేవాలని బయటికి వచ్చాను. కూజా నిండా నీళ్లున్నాయి.

17, సాయంత్రం

ఆరేళ్లు.

18, బుధవారం

పొద్దున ఆరున్నరకు తీసుకెళ్లారు. తను నా చెయ్యి పట్టుకుని, "దిండు గట్టిగా కుట్టారా?" అంది.

"గట్టిగానే."

"అయితే భయం లేదు."

డాక్టరు గారు నన్ను లోపలికి రమ్మన్నారు. తనను సర్దేదాకే, గుడ్డలు కప్పేలోపు వెళ్లిపోవాలి. "ఆమె ఒళ్లు మీకు తెలిసినంత మాకు తెలియదు" అన్నారు. నాకు తెలుసని ఆయన అనుకున్నారు. తెలియదని చెప్పలేకపోయాను. టోపీ పెట్టారు, మూతికి గుడ్డ కట్టారు, చొక్కా మీద పచ్చ గౌను తొడిగారు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తను నిద్రపోయింది. నిద్ర కాదు. ఇంట్లో నిద్ర నేను చూశాను, అది వేరు. ఇక్కడ మొత్తం ఇచ్చేసింది. నోట్లో గొట్టం, కళ్ల రెప్పలకు పట్టీ. మత్తు డాక్టరమ్మ తల పట్టుకున్నారు. తల బాధ్యత ఆమెదే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆమె లెక్కపెడితేనే మిగతావాళ్లు కదలాలి. ఆరుగురు. ఒకటి, రెండు, మూడు. గాలి తగలనంత మెల్లగా తిరిగింది. కుడి పక్కకు.

నా దిండు నడుం కింద దూర్చారు. గుంటలో సరిగ్గా కూర్చుంది. వీపు వెనక రెండోది, వంపుకు వంపు. ఎడమ పక్క విచ్చుకుంది. రెండు వేళ్ల సందు నాలుగు వేళ్లయింది. డాక్టరు గారు వంగి చూసి "దారి వచ్చింది" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే.

అప్పుడు సర్దుబాటు మొదలుపెట్టాడు. ఇంత లావు మనిషి, నేల మీద మోకాళ్లు ఆన్చి, టేబుల్ కింది నుంచి చూశాడు. చెవి. చెవి వెనక. కన్ను. చంక దిగువన చుట్ట. మోచెయ్యి. పైన ఉన్న ఎడమ చెయ్యి ముందుకు చాపి మెత్తటి దాని మీద పెట్టాడు, వేళ్లు ఒక్కొక్కటే విప్పి. ఆ వేళ్లు ఎన్నాళ్లనుంచి డొక్కను పట్టుకుని ఉన్నాయో అతనికి తెలియదు. అయినా ఒక్కొక్కటే విప్పాడు. ప్రతిచోటా అరచెయ్యి దూర్చాడు. ఎక్కడ అరచెయ్యి దూరలేదో అక్కడ మళ్లీ సర్దాడు. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. డాక్టరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్ద డాక్టరు, అతను సరే అనేదాకా ఆగారు.

"పెద్దాయనా, ఏమన్నా మరిచామా?"

అందరూ నా వైపు తిరిగారు. తన పాదాలు చూశాను. నేల మీద కూర్చుని కూర్చుని కుడి చీలమండ మీద కాయ కట్టింది, కొంచెం నొక్కినా పుండవుతుంది. దుప్పటి అంచు తగిలినా కాలు లాక్కుంటుంది. ఇది నాకు తెలుసు. ఒక్కటైనా నాకు తెలుసు.

"చీలమండ" అన్నాను.

సర్దుబాటు పాదం ఎత్తి చూశాడు. కాయను వేలితో తడిమాడు. అరలోంచి ఒక దిండు తెప్పించాడు. నేను పనికిరాదని ఇంటికి తీసుకెళ్లకుండా వదిలేసిన బూరుగు దూది దిండు. దాచాడు. దాని మీద పాదం పెట్టాడు. మునిగిపోయింది, ఎక్కడా తగలకుండా.

"సరే" అన్నాడు.

నన్ను బయటికి పంపారు.

బయట బల్ల మీద మరదలు. చాలాసేపటికి, "బావా, లోపల ఏం చూశావు?" అంది.

"ఆరుగురు" అన్నాను.

"ఆరుగురు ఏమిటి?"

చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకున్నది మరదలికి చదివి వినిపిస్తే సరిపోయేది, కానీ ఇది నాకే.

రెండు గంటల పది నిమిషాలు. డాక్టరు గారు వచ్చి చిన్న సీసా చేతిలో పెట్టారు. పసుప్పచ్చ ముక్కలు, బియ్యం నూకంత. అల్లం కొమ్ము అంతా నూక అయిపోయింది. మొత్తం వచ్చేసిందన్నారు. మరదలు అక్కడే ఏడ్చేసింది, డాక్టరు గారి చెప్పులు చూస్తూ.

ఆయన వెనకే సర్దుబాటు వచ్చాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించాడు. "ఇంత కూడా దిగలేదండీ." అని వెంటనే లోపలికి వెళ్లిపోయాడు, ఇంకొకరిని సర్దడానికి.

19, గురువారం

జ్వరం నూట రెండు. వణుకు.

డొక్కలో గొట్టం ఉంది, సంచిలోకి ఎర్రగా వస్తోంది. లోపల రాయిలో ఉన్న చెడు కొంత రక్తంలోకి చేరి ఉండొచ్చు, రెండు రోజులు చూడాలి అన్నారు. ఉన్నది ఒక్కటే కిడ్నీ.

నీళ్లు రాయలేదు. లెక్క మరిచిపోయాను.

20, శుక్రవారం

పొద్దున నూట ఒకటి. మధ్యాహ్నం వంద. సాయంత్రం తొంభై తొమ్మిది.

తొంభై తొమ్మిది.

సంచిలో రంగు తేటబడింది. నర్సమ్మ ఒళ్లు తుడుస్తూ, "ఎక్కడా కమిలిన మచ్చ లేదే, రెండు గంటల పైన టేబుల్ మీదున్న మనిషిలా లేదు" అంది. చీలమండ చూశాను. మామూలుగా ఉంది.

22, ఆదివారం

జ్వరం లేదు. నీళ్లు పదకొండు. గొట్టం తీసేశారు. కిడ్నీ బాగానే పనిచేస్తోందట.

తనకు చెప్పాను, తిప్పిన సంగతి, ఆరుగురి సంగతి, చెవి వెనక చూసిన సంగతి. ముక్కలు ముక్కలుగా చెప్పాను. నేను ఇంతసేపు మాట్లాడడం చూసి పక్క మంచం ఆవిడ కూడా విన్నది.

"ఎవరతను? నేను చూడలేదే" అంది.

"చూడవు. ఎవరూ చూడరు."

కిటికీ వైపు చూసింది. "వెళ్లేలోపు ఒకసారి పిలిపించండి. దండం పెట్టుకుంటాను."

పిలిచాను. గుమ్మంలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నాకన్నా సిగ్గరి.

24, మంగళవారం. ఇంట్లో

ఇంటికి వచ్చాం. ఇంకో రెండు వారాలు ఎడమ పక్క ఒత్తిడి తగలకూడదు, కుడి పక్కకే పడుకోవాలన్నారు.

తను ముఖం కడుక్కునే లోపు మంచం దగ్గర నిలబడి చూశాను. గోడ. బీటలు. తల పెట్టే వైపు, కాళ్లు చాపే వైపు. మంచం కదపక్కర్లేదు.

దిండు తీసి ఈ కొస నుంచి ఆ కొసకు పెట్టాను. అంతే.

నలభై ఐదేళ్లుగా దిండ్లు కుడుతున్నాను. ఒక దిండు ఇటునుంచి అటు పెట్టడానికి ఆరేళ్లు పట్టింది.

తను వచ్చి చూసింది. "ఇదేమిటి, తల ఇటా?"

"అలాగే పడుకో. కుడి పక్కకే."

మెల్లగా వాలింది. నడుం కింద గట్టి దిండు పెట్టాను, సర్దుబాటు ఇచ్చి పంపాడు. చీలమండ కింద మెత్తటిది. చెవి మడతపడిందేమో చూశాను. అరచెయ్యి దూర్చి చూశాను, భుజం దగ్గర, తుంటి దగ్గర.

"ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నాను."

పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. తను నన్ను చూస్తోంది. ఇంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ హెడ్మాస్టరు వచ్చిన రోజు" అన్నాను.

"ఏ హెడ్మాస్టరు?"

"హాస్టలు పరుపులు. రెండు విళ్లు అన్నాను."

ఉన్నట్టుండి తనకు నవ్వు వచ్చింది. డొక్క పట్టుకుంది. "అమ్మో, నవ్వించకండి, కుట్టు లాగుతోంది. అదా? పొయ్యి దగ్గరదీ గోడకున్నదీ! ఆ రోజు నేను కూడా నవ్వుకున్నాను, మీకు కనబడకుండా. బాగుంది కదా. ఆ తర్వాత ఇంకొకటి వెయ్యలేదేం?"

నా దగ్గర ఇంకో జోకు లేదు. ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తుండగానే తనకు నిద్ర పట్టింది.

ఎడమ చెయ్యి ముందుకు చాపి ఉంది, వేళ్లు తెరుచుకుని.

జ్వరం లేదు. నీళ్లు పన్నెండు గ్లాసులు. ఇటువైపు తిరిగి పడుకుంది.